ఐదేళ్ల ఆడ కుందేలుకు చర్మం మీద గడ్డ: కోయించే ముందు ఏ పరీక్షలు చేయించాలి?

ప్రశ్న (సుబేదారి, హనుమకొండ)

మా ఇంట్లో ఐదేళ్లు నిండిన ఆడ కుందేలు ఉంది. బరువు 1.8 కిలోలు. ఇంతవరకు ఈనలేదు, గర్భసంచి తీయించలేదు. దీపావళి దాటిన తరువాత ఒకరోజు బొచ్చు దువ్వుతుంటే కుడి భుజానికి వెనుక, పక్కటెముకల మీది చర్మంలో చిన్న గడ్డ చేతికి తగిలింది. అప్పుడు అర సెంటీమీటరు కూడా లేదు. ఇప్పుడు ఫిబ్రవరిలో స్కేలు పెట్టి కొలిస్తే రెండు సెంటీమీటర్లకు వచ్చింది. రెండు వేళ్లతో చర్మాన్ని పైకి లేపితే గడ్డ కూడా చర్మంతో పాటే లేస్తుంది, కింద కండకు అతుక్కుని ఉన్నట్లు లేదు. దాని మీద బొచ్చు పలచబడి, చర్మం కొంచెం నీలంగా కనిపిస్తోంది. నొక్కితే నొప్పి ఉన్నట్లు ప్రవర్తించదు. గరిక, ఎండుగడ్డి ఎప్పటిలాగే తింటోంది, పెంటికలు కూడా మామూలుగానే వేస్తోంది.

ఒక డాక్టరు గారు చేత్తో చూసి ఇది చీము గడ్డ అని, కోసి పిండేస్తే పోతుందని చెప్పి, నోట్లో వేయడానికి అమాక్సిసిలిన్ చుక్కలు రాసి ఇచ్చారు. ఇంకా మొదలుపెట్టలేదు. మరొకరు ఇది కణితే గాని ఈ వయసులో మత్తు ఇస్తే తట్టుకోలేదు కాబట్టి అలాగే వదిలేయమన్నారు. ఇద్దరి మాటలకూ పొంతన లేకపోవడంతో ఇంట్లో ఎవరికీ ఏమీ తోచడం లేదు. కుందేళ్లకు వైరస్ వల్ల కొమ్ముల్లాగా కణుతులు వస్తాయని మా అమ్మాయి ఎక్కడో చదివి, అదేనేమోనని రోజూ భయపడుతోంది. ఎండాకాలం ముంచుకొస్తోంది కనుక నిర్ణయం త్వరగా తీసుకోవాలని ఉంది. అసలు ఇది ఏమిటో తెలుసుకోవడానికి సరైన దారి ఏది? కోయించాల్సి వస్తే ఏమేమి చూసుకోవాలి? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు 1 (పశువైద్యుడు, కరీంనగర్)

అమ్మా, ముందుగా ఆ చుక్కల విషయం. వాటిని నోటి ద్వారా అసలు వేయకండి. కుందేలు తిన్న గడ్డి దాని పేగులో సీకం అనే పెద్ద సంచిలో సూక్ష్మజీవుల సాయంతో పులుస్తుంది. అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్ వంటి పెన్సిలిన్ జాతి మందులు, లింకోమైసిన్, క్లిండమైసిన్ వంటివి నోటి ద్వారా ఇస్తే ఆ మేలు చేసే సూక్ష్మజీవులు చచ్చిపోయి, వాటి చోట క్లాస్ట్రిడియం జాతి బాక్టీరియా పెరిగి విషాన్ని వదులుతుంది. ఆ విరేచనాలతో కుందేలు ఒకటి రెండు రోజుల్లోనే చనిపోవచ్చు. నిజంగా యాంటీబయాటిక్ అవసరమైతే ఎన్‌రోఫ్లాక్సాసిన్, ట్రైమెథోప్రిమ్‌తో కూడిన సల్ఫా వంటివి ఉన్నాయి. మీ కుందేలుకు ఇప్పటికైతే అది అవసరమని కూడా నాకు అనిపించడం లేదు.

ఇక గడ్డ సంగతి. కుందేళ్లలో చర్మం కింద ఏ గడ్డ కనిపించినా మొదట చీము గడ్డను అనుమానించడం తప్పేమీ కాదు, ఎందుకంటే అవి చాలా ఎక్కువ. దవడ దగ్గర అయితే పంటి వేరు చెడి వచ్చేవే ఎక్కువ. అయితే కుందేలు చీము కుక్కలలోలా కోయగానే కారిపోదు, టూత్‌పేస్టులా చిక్కగా ఉండి, చుట్టూ మందమైన తొడుగు కట్టుకుంటుంది. అందుకే చీము గడ్డ అయినా సరే కోసి పిండితే మళ్లీ నిండుతుంది, సాధ్యమైన చోట తొడుగుతో సహా తీయాల్సిందే. అదే గడ్డ కణితి అయి ఉంటే కోసి పిండడం వల్ల అంచులు చెదిరిపోయి, తరువాత శుభ్రంగా తీయడం కష్టమవుతుంది. అంటే ఏ విధంగా చూసినా అది ఏమిటో తెలియకుండా కత్తి పెట్టకూడదు.

మీరు చెప్పిన లక్షణాలు, అంటే ఐదేళ్ల వయసు, ఒకటే గడ్డ, నెమ్మదిగా పెరగడం, చర్మంతో పాటు కదలడం, నొప్పి లేకపోవడం, ఇవన్నీ ట్రైకోబ్లాస్టోమా అనే కణితికి సరిపోతాయి. వెంట్రుకల కుదుళ్ల కణాల నుంచి పుట్టే ఈ కణితినే పాత పుస్తకాల్లో బేసల్ సెల్ ట్యూమర్ అని రాసేవారు. పెంపుడు కుందేళ్ల చర్మ కణుతుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే, ఇది ప్రమాదకారి కాదు, పూర్తిగా తీసేస్తే సాధారణంగా మళ్లీ రాదు. కొవ్వు గడ్డ అయిన లైపోమా కూడా కావచ్చు. కాకపోతే చేత్తో తాకి ఇది మంచిదని ఎవరూ ముద్ర వేయలేరు. స్క్వామస్ సెల్ కార్సినోమా, ఫైబ్రోసార్కోమా, మెలనోమా వంటి చెడ్డ కణుతులు కూడా కుందేళ్ల చర్మంలో వస్తాయి, వాటిలో కొన్ని మొదట్లో ఇంతే అమాయకంగా కనిపిస్తాయి.

అందుకని మొదటి మెట్టు సూది పరీక్ష. 22 లేదా 23 నంబరు సన్నని సూదితో గడ్డలో నుంచి కొన్ని కణాలను లాగి, గాజు పలక మీద పరిచి, రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తారు. చాలా కుందేళ్లకు మత్తు కూడా అక్కర్లేదు, తువ్వాలులో చుట్టి వెనుక కాళ్లకు, నడుముకు ఆధారం ఇచ్చి పట్టుకుంటే చాలు. ఆధారం లేకుండా పట్టుకుంటే అది బలంగా తన్నుకుని వెన్నెముక విరగ్గొట్టుకునే ప్రమాదం ఉంది కాబట్టి పట్టుకునే మనిషి అలవాటు ఉన్నవారై ఉండాలి. చీమా, కొవ్వా, కణితి కణాలా అన్నది ఈ పరీక్షతో చాలావరకు తేలిపోతుంది. ఏ రకం కణితి అన్నది మాత్రం ఒక్కోసారి తేలదు.

మీ కుందేలు విషయంలో నేను ఇంకో రెండు పరీక్షలు కూడా తప్పక చేయిస్తాను. గర్భసంచి తీయించని ఆడ కుందేళ్లకు మూడు నాలుగేళ్లు దాటితే గర్భసంచి క్యాన్సరు చాలా సాధారణం, అది రక్తం ద్వారా ఊపిరితిత్తులకు పాకుతుంది. చర్మం మీది చిన్న గడ్డను తీయడానికి మత్తు ఇచ్చి, లోపల అంతకంటే పెద్ద జబ్బు ఉందని తరువాత తెలిస్తే ఆ కుందేలుకు అన్యాయం చేసినట్లే. కాబట్టి కడుపుకు ఒక అల్ట్రాసౌండ్, ఛాతీకి ఎక్స్‌రే తీయించండి. పొట్ట కింది చనుమొనల వరుస మొత్తాన్ని కూడా వేళ్లతో తడిమి చూడమనండి, అక్కడ గడ్డ ఉంటే కథ వేరు.

మీ అమ్మాయి చదివింది నిజమే, కాని అది మన దగ్గరి కుందేళ్ల జబ్బు కాదు. అమెరికా అడవుల్లోని కాటన్‌టెయిల్ కుందేళ్లలో వైరస్ వల్ల వచ్చే ఫైబ్రోమాను 1932లో, కొమ్ముల్లాగా పెరిగే పాపిల్లోమాను 1933లో రిచర్డ్ షోప్ అనే శాస్త్రవేత్త వివరించారు. వైరస్ వల్ల కణితి రావచ్చని లోకం నమ్మడానికి ఆ పని చాలా తోడ్పడింది. సుబేదారిలో ఇంట్లో పెరిగిన కుందేలుకు ఒంటరిగా వచ్చిన మెత్తని గడ్డ విషయంలో దాని గురించి దిగులు పడనక్కర్లేదని చెప్పండి.

మీకు మామునూరు పశువైద్య కళాశాల దగ్గరే. జగిత్యాల జిల్లాలో కోరుట్ల, హైదరాబాద్‌లో రాజేంద్రనగర్ కళాశాలలు కూడా ఉన్నాయి. వెళ్లేముందు ఫోన్ చేసి కుందేళ్లకు మత్తు ఇచ్చి కోసిన అనుభవం ఉన్నవారు ఏ రోజు ఉంటారో అడగండి. కుక్కలకు వందల ఆపరేషన్లు చేసినవారైనా కుందేలు విషయంలో ఆ అనుభవం వేరుగా సంపాదించుకోవాల్సిందే.

జవాబు 2 (కుందేళ్లు పెంచుతున్నవారు, కాజీపేట)

అక్కా, మా మగ కుందేలుకు మెడ పక్కన ఇలాంటి గడ్డే వచ్చి తీయించాం. రిపోర్టులో ట్రైకోబ్లాస్టోమా అని వచ్చింది, మళ్లీ రాలేదు. వైద్యం గురించి డాక్టరు గారు చెప్పారు కనుక ఇంటి పని గురించి మాత్రమే చెబుతాను, ఎందుకంటే ఆపరేషన్ అయ్యాక మొదటి రెండు రోజులు భారమంతా మన మీదే ఉంటుంది.

తీసుకువెళ్లేటప్పుడే దానికి అలవాటైన గడ్డి ఒక సంచిలో వెంట తీసుకుపోండి. మెలకువ వచ్చిన తరువాత కొత్త గడ్డిని అది ముట్టదు, రోజూ తినే గరిక వాసన తగిలితే మాత్రం మూతి కదిలిస్తుంది. ఇంటికి వచ్చాక బోను అడుగున రంపపు పొట్టు వేయకుండా తెల్లని పాత బట్ట పరవండి. పొట్టు కుట్లకు అంటుకోకుండా ఉంటుంది, పైగా పెంటికలు ఎన్ని పడ్డాయో, ఏ పరిమాణంలో పడ్డాయో స్పష్టంగా కనిపిస్తుంది. మాది మొదట మిరియాల కంటే చిన్నగా, ఎండిపోయి, అక్కడక్కడ వెంట్రుకతో కలిసిపోయిన పెంటికలు వేసింది. గడ్డి తినడం పెరిగేకొద్దీ అవి గుండ్రంగా, లేతరంగుకు మారాయి. డాక్టరు గారికి ఫోన్ చేసినప్పుడల్లా వారు మొదట అడిగింది కుట్ల గురించి కాదు, పెంటికల గురించే.

తినకపోతే సూది తీసేసిన సిరంజితో పక్క పళ్ల సందులో నుంచి కొద్దికొద్దిగా పట్టాలి. కుందేళ్ల కోసం అమ్మే పొడి ఆహారాన్ని ముందే తెప్పించి పెట్టుకోండి, అప్పటికప్పుడు వరంగల్‌లో దొరకకపోవచ్చు. అది లేకుంటే దాని రోజువారీ గుళికలను నీళ్లలో నానబెట్టి మెత్తగా చేసి పట్టవచ్చని మాకు చెప్పారు.

మీకు రెండు కుందేళ్లు ఉంటే ఒక మాట. రెండోదాన్ని పూర్తిగా దూరం పెట్టకండి, జాలీ అవతల కనబడేలా ఉంచండి. జంట కనబడకపోతే తిండి మానేసే కుందేళ్లు ఉన్నాయి.

ప్రశ్న అడిగినవారు

డాక్టరు గారికి, కాజీపేట చెల్లెలికి ధన్యవాదాలు. చుక్కలు వేయలేదు. సూది పరీక్ష చేయించాం. చీము కణాలు లేవని, చిన్నగా, అన్నీ ఒకే తీరులో ఉన్న ముదురు రంగు కణాలు గుంపులుగా కనిపించాయని, బేసల్ కణాల కణితి అనిపిస్తోందని, తీసిన తరువాత ముక్క పరీక్ష చేస్తే గాని ఖాయంగా చెప్పలేమని రాశారు. అల్ట్రాసౌండ్‌లో గర్భసంచి మామూలుగా ఉంది, ఛాతీ ఎక్స్‌రేలో ఏమీ లేదు. ఆపరేషన్‌కు ఒప్పుకున్నాం.

ఇప్పుడు రెండు సందేహాలు. మత్తు ఇచ్చే ముందు రాత్రి నుంచి పన్నెండు గంటలు ఏమీ పెట్టవద్దని మాకు ఇచ్చిన కాగితంలో ఉంది. అది అందరికీ ఇచ్చే అచ్చు కాగితంలా ఉంది, కుందేలుకు కూడా వర్తిస్తుందా? రెండవది, మత్తు వల్ల ప్రమాదం నిజంగా ఎంత? దాన్ని తగ్గించడానికి మేము ఏమి అడగాలి?

జవాబు 3 (పశువైద్యుడు, కరీంనగర్)

ఆ కాగితం కుక్కలకూ పిల్లులకూ రాసింది. కుందేలు వాంతి చేసుకోలేదు కాబట్టి ఆ భయంతో పస్తు ఉంచాల్సిన పని లేదు. పైగా దాని పేగు ఎప్పుడూ కదులుతూ ఉండాలి, పన్నెండు గంటలు ఖాళీగా ఉంచితే ఆ కదలిక మందగించి, ఆపరేషన్ తరువాత తిరిగి మొదలుకాక ప్రాణం మీదికి వస్తుంది. నోట్లో గడ్డి నలుసులు లేకుండా ఉండడానికి మత్తుకు ఒక గంట ముందు తిండి తీసేస్తే చాలు, నీళ్లు అంతవరకు ఉండనివ్వండి. ఈ విషయం ఆపరేషన్ చేసే డాక్టరు గారితో ముందే మాట్లాడండి, వారు తప్పక ఒప్పుకుంటారు.

ప్రమాదం గురించి ఉన్నదున్నట్లు చెబుతాను. బ్రిటన్‌లో చేసి 2008లో ప్రచురించిన ఒక పెద్ద పరిశీలనలో మత్తు ఇచ్చిన తరువాత 48 గంటల్లోపు చనిపోయినవి కుక్కలలో 0.17 శాతం, కుందేళ్లలో 1.39 శాతం. ఆరోగ్యంగా ఉన్న కుందేళ్లను మాత్రమే లెక్క వేస్తే 0.73 శాతం. అంటే కుక్క కంటే ప్రమాదం ఎక్కువే, కాని వయసు మళ్లిందని వదిలేయమనేంత ఎక్కువ కాదు. ఆ మరణాల్లో సగానికి పైగా బల్ల మీద కాక, ఆపరేషన్ ముగిసిన తరువాత జరిగాయి. కాబట్టి మెలకువ వచ్చేదాకా, వచ్చిన తరువాత కూడా దగ్గర ఒక మనిషి కూర్చుని ఉండటం చాలా అవసరం.

మీరు అడగాల్సినవి ఇవి. చెవి అంచు సిరలో క్యానులా (మందులు ఎక్కించే సన్నని గొట్టం) పెడతారా? శ్వాస గొట్టం గాని, కనీసం బిగుతైన మాస్కుతో ఆక్సిజన్ గాని ఇస్తారా? ఐసోఫ్లురేన్ వంటి వాయువుతో మత్తు ఉంటే లోతును క్షణాల మీద తగ్గించుకోవచ్చు. అది లేని చోట కెటమైన్‌తో కలిపి సూది మందులు వాడతారు, వాటిలో మత్తును వెనక్కి తిప్పే విరుగుడు మందు ఉన్నవి మేలు. ఒంటి వేడి పడిపోకుండా ఏమి చేస్తారు? కుందేలు మామూలు వేడి 38.5 నుంచి 39.5 డిగ్రీల సెల్సియస్ వరకు ఉంటుంది. బొచ్చు గీసి, స్పిరిట్‌తో తడిపితే నిమిషాల్లో చల్లబడిపోతుంది. స్పిరిట్ తక్కువగా వాడి, కింద వెచ్చని పరుపు పెట్టాలి. నొప్పి మందు ఆపరేషన్‌కు ముందే మొదలుపెట్టాలి. బ్యూప్రెనార్ఫిన్, మెలాక్సికామ్ సాధారణంగా వాడతాం. మెలాక్సికామ్‌ను కుందేలు శరీరం త్వరగా ఖర్చు చేస్తుంది కనుక కుక్క మోతాదు దానికి చాలదు. నొప్పి తగ్గని కుందేలు తినదు, తినని కుందేలు పేగు ఆగిపోతుంది. అందుకే ఈ మందు దగ్గర పిసినారితనం పనికిరాదు. మోతాదులు మాత్రం ఇక్కడ రాయను, అవి మీ డాక్టరు గారు బరువు చూసి నిర్ణయించాలి.

కోత గురించి కూడా కొంత చెప్పాలి. కుందేలు చర్మం చాలా పలచన, బొచ్చు గీసే మిషన్ ఒత్తితేనే చిరుగుతుంది. అందుకే చర్మాన్ని సాగదీసి పట్టుకుని నెమ్మదిగా గీయాలి. మంచి రకం కణితి అనుకున్నప్పుడు చుట్టూ ఒక సెంటీమీటరు వరకు మంచి చర్మాన్ని కలుపుకుని తీస్తాం. చెడ్డదని అనుమానం ఉంటే రెండు మూడు సెంటీమీటర్లు, కిందికి ఒక కండరపు పొర దాకా వెళ్లాలి. మీ కుందేలుకు గడ్డ ఉన్న చోట, అంటే పక్కటెముకల మీద, చర్మం వదులుగా ఉంటుంది కనుక మూయడం కష్టం కాదు. ఇదే గడ్డ కాలి మీద ఉండి ఇంకో రెండు నెలలు ఆగి ఉంటే మూయడానికి చర్మమే సరిపోయేది కాదు. చిన్నగా ఉన్నప్పుడే తీయాలని నేను పట్టుబట్టడానికి కారణం ఇదే.

రక్తం విషయంలో ఒక లెక్క గుర్తుంచుకోండి. 1.8 కిలోల కుందేలు ఒంట్లో మొత్తం రక్తం ఇంచుమించు 100 మిల్లీలీటర్లు. రెండు మూడు గాజుగుడ్డలు పూర్తిగా తడిశాయంటే అందులో పెద్ద వంతే పోయినట్లు. కాబట్టి చిన్న రక్తనాళాన్ని కూడా అప్పటికప్పుడే మూసుకుంటూ పోవాలి.

తేదీ విషయంలో ఫిబ్రవరి దాటనివ్వకండి. ఏప్రిల్, మే నెలల్లో వరంగల్ ఎండకు ఆరోగ్యంగా ఉన్న కుందేలే తట్టుకోలేదు, పైగా పుండు మీద ఈగ వాలి పురుగులు పడే ప్రమాదం ఉంది. ఉదయం మొదటి ఆపరేషన్‌గా పెట్టమని అడగండి, సాయంత్రం వరకు దవాఖాన వాళ్ల కళ్లెదుటే ఉంటుంది.

జవాబు 4 (పశువ్యాధి విజ్ఞానంలో పీజీ విద్యార్థిని, హైదరాబాద్)

మేడం, తీసిన గడ్డను పారేయకుండా మొత్తాన్ని పరీక్షకు పంపమని దయచేసి గట్టిగా చెప్పండి. సూది పరీక్షలో కనబడేది కొన్ని కణాలే. అవి ఏ వరుసలో పేర్చుకుని ఉన్నాయి, పక్క కణజాలంలోకి చొచ్చుకుపోయాయా, అంచులో ఇంకా మిగిలాయా అన్నవి ముక్కను సన్నగా తరిగి చూస్తేనే తెలుస్తాయి. ఆపరేషన్ ఖర్చుతో పోలిస్తే ఈ పరీక్ష ఖర్చు తక్కువే, అయినా చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

గడ్డను 10 శాతం ఫార్మాలిన్‌లో వేయాలి, ఆ ద్రావణం గడ్డ ఘనపరిమాణానికి పది రెట్లు ఉండాలి. సీసా మూతి వెడల్పుగా ఉండాలి, ఎందుకంటే ఫార్మాలిన్‌లో గట్టిపడిన ముక్క ఇరుకు మూతిలో నుంచి బయటికి రాదు. స్పిరిట్‌లోనో సెలైన్‌లోనో వేసి పంపిన ముక్కలు మా దగ్గరికి వస్తుంటాయి. సెలైన్‌లో కణాలు కుళ్లిపోతాయి, ఫ్రీజర్‌లో పెడితే పగిలిపోతాయి, ఆ తరువాత ఎంత గొప్ప నిపుణుడైనా చెప్పగలిగింది ఉండదు. తల వైపు అంచుకు ఒక దారం ముడి వేసి పంపితే, ఏ వైపు అంచులో కణితి మిగిలిందో మేము కచ్చితంగా రాయగలం. కాగితం మీద జంతువు పేరుతో పాటు వయసు, గడ్డ ఉన్న చోటు, ఎన్ని నెలల్లో ఎంత పెరిగింది, సూది పరీక్షలో ఏమి వచ్చింది అన్నవి కూడా రాయించండి.

రిపోర్టులో ట్రైకోబ్లాస్టోమా, అంచులు శుభ్రం అని వస్తే అక్కడితో వైద్యం పూర్తయినట్లే. అంచులో కణితి ఉందని వచ్చినా, మంచి రకమే అయితే వెంటనే మళ్లీ కోయకుండా కొన్నాళ్లు కనిపెట్టి చూడటానికి వీలుంటుంది. సార్కోమా గాని స్క్వామస్ సెల్ కార్సినోమా గాని అయి అంచు శుభ్రంగా లేకపోతే మాత్రం ఆలస్యం చేయకుండా, మచ్చతో సహా వెడల్పుగా రెండోసారి తీయడం గురించి మాట్లాడాలి.

ప్రశ్న అడిగినవారు

వచ్చే వారం ఉదయం మొదటి ఆపరేషన్‌గా తేదీ ఇచ్చారు. పస్తు అక్కర్లేదని వారూ ఒప్పుకున్నారు. వెడల్పు మూతి సీసా, ఫార్మాలిన్ తామే చూసుకుంటామన్నారు. చివరిగా ఒక్కటి అడుగుతాను. కుట్లు కొరకకుండా మెడకు గరాటు కాలర్ వేయాలా?

జవాబు 5 (పశువైద్యుడు, కరీంనగర్)

వీలైనంతవరకు వద్దు. కుందేలు రోజూ తన మెత్తని పెంటికలను నేరుగా మలద్వారం నుంచే తిరిగి తింటుంది, దాని పోషణకు అది అవసరం. కాలర్ వేస్తే అది కుదరదు, పైగా బెదిరి తిండి మానేస్తుంది. దానికి బదులు పైకి దారం కనిపించకుండా, కరిగిపోయే సన్నని దారంతో చర్మం లోపలి పొరలోనే కుట్లు వేయమనండి. బయట కొరకడానికి ఏమీ ఉండదు, విప్పడానికి మళ్లీ తీసుకువెళ్లే పని కూడా తప్పుతుంది. అయినా అదే పనిగా నాకుతుంటే మొదట నొప్పి మందు సరిపోతోందా అని చూడాలి. నొప్పి అదుపులో ఉన్నా ఆగకపోతే మెత్తని బట్టతో కుట్టిన కాలర్‌ను మనిషి కళ్లెదుట ఉన్నంతసేపే వేసి, మిగతా సమయంలో తీసేయండి.

ఇంటికి తెచ్చిన తరువాత పన్నెండు గంటలు దాటినా ఒక్క పెంటిక పడకపోయినా, పళ్లు పటపట కొరుకుతూ ముడుచుకుని కూర్చున్నా, చెవులు చల్లబడినా తెల్లవారేదాకా ఆగకుండా ఫోన్ చేయండి. పుండు చుట్టూ కొంచెం వాపు మూడు నాలుగు రోజులు ఉంటుంది, అది తగ్గకుండా పెరిగితే చూపించండి. పది పద్నాలుగు రోజులకు ఒకసారి, ఆ తరువాత మూడు నెలలకు ఒకసారి ఆ చోటును తడిమి చూడాలి. గర్భసంచి ఇంకా ఉంది కనుక ప్రతి ఆరు నెలలకు ఒక అల్ట్రాసౌండ్ తీయించండి. పూర్తిగా కోలుకుని బరువు తిరిగి వచ్చాక, ఎండలు తగ్గిన తరువాత గర్భసంచి తీయించడం గురించి మాట్లాడుకోవచ్చు. రెండూ ఒకేసారి చేయమని మాత్రం అడగకండి, మత్తులో ఎక్కువసేపు ఉంచాల్సి వస్తుంది. రిపోర్టు రాగానే ఇక్కడ పెట్టండి, చదివి చెబుతాను.